పదిహేను నిమిషాల సద్ది: ప్యాడీ వెబ్ కథ

కొన్నేళ్ల క్రితం ఇక్కడ ఒక కరెంటు కంపెనీకి నేను రోస్టరు ప్రోగ్రాం రాశాను. కంట్రోల్ రూములో 24 గంటలూ షిఫ్టులే కదా, ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు వెళ్లారు, ఎన్ని గంటలు చేశారు అన్నీ అందులో వస్తాయి. లాగిన్ నుంచి లాగౌట్ దాకా పని గంటలు. లెక్క పక్కాగా ఉందని తెగ మురిసిపోయాను. వారం తిరక్కుండానే యూనియన్ నుంచి అభ్యంతరం వచ్చింది! షిఫ్టు దిగేవాళ్లు ఎక్కేవాళ్లకి ఏ లైను ఆగి ఉంది, ఎక్కడ మరమ్మతు జరుగుతోంది అన్నీ అప్పజెప్పాలి. దానికి 15 నిమిషాలు పడుతుంది. ఆ 15 నిమిషాలు నా ప్రోగ్రాంలో ఎక్కడా లేవు.

నిజం చెప్పొద్దూ, నాకు చిరాకేసింది. పావుగంట కోసం ఇంత రాద్ధాంతమా అనుకున్నాను. మీటింగుకి యూనియన్ తరఫున వచ్చిన పెద్దావిడ మాత్రం కోపం తెచ్చుకోకుండా అన్నీ వివరించి, పోతూ పోతూ బ్లాక్‌బాల్ గురించి ఎప్పుడైనా విన్నావా అని అడిగింది. వినలేదు. ఆ రాత్రి కూర్చుని చదివాను. అలా పరిచయమయ్యాడు నాకు ప్యాడీ వెబ్. పేరులో వెబ్ ఉన్నా మన సాఫ్ట్‌వేరు వాళ్లతో ఏ సంబంధమూ లేదు లెండి. ఆయన బొగ్గు గని కార్మికుడు. సమ్మె చేసి ఉద్యోగం పోగొట్టుకున్నాడు, జైలుకెళ్లాడు, ఆఖరికి అవే గనులకు మంత్రి అయ్యాడు.

గని నుంచి గనికి

అసలు పేరు ప్యాట్రిక్ చార్లెస్ వెబ్. 1884 నవంబరు 30న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం, రూథర్‌గ్లెన్‌లో పుట్టాడు. చిన్న వయసులోనే గనుల్లోకి దిగాడు. యూనియన్ పనుల్లో తిరిగేవాడికి అక్కడ పని దొరకడం కష్టమై సముద్రం దాటి న్యూజీలాండ్ వచ్చాడు. మనలాగే ఆయనా పొట్ట చేతపట్టుకుని వచ్చినవాడే! దక్షిణ దీవి పడమటి తీరంలో బొగ్గు గనుల్లో పనిచేస్తూ, గ్రేమౌత్ దగ్గరి బ్లాక్‌బాల్ అనే చిన్న ఊరు చేరాడు.

ఆ రోజుల్లో బొగ్గు అంటే ఇవాళ్టి కరెంటు, పెట్రోలు, గ్యాసు అన్నీ కలిపి అనుకోండి. రైళ్లు, ఓడలు, ఇళ్లలో పొయ్యిలు అన్నీ దాని మీదే. అంతటి బొగ్గు తవ్వేవాళ్లకు గని లోపల సద్ది తినడానికి ఇచ్చే టైము 15 నిమిషాలు. అక్కడి గనుల భాషలో సద్దిని క్రిబ్ అంటారు. చీకట్లో, తడిలో, చేతులనిండా మసితో 15 నిమిషాల్లో తిని మళ్లీ పనిలోకి దిగాలి. అరగంట కావాలని కార్మికులు అడిగారు. కంపెనీ కుదరదంది. వెబ్, అతని మిత్రుడు ప్యాట్ హికీ సహా ఏడుగురిని పనిలోంచి తీసేసింది. 1908 ఫిబ్రవరి 27న సమ్మె మొదలైంది.

ఇక్కడొక మెలిక ఉంది. 1894 చట్టం ప్రకారం రిజిస్టరైన యూనియన్లు సమ్మె చేయకూడదు. తగాదా ఏదైనా ఆర్బిట్రేషన్ కోర్టుకు పోవాలి, దాని తీర్పు ఇద్దరూ శిరసావహించాలి. సమ్మెలు లేని దేశమని న్యూజీలాండ్‌కి అప్పట్లో పెద్ద పేరు. కోర్టు యూనియన్‌కి 75 పౌండ్ల జరిమానా వేసింది. విచారణ రోజున జడ్జిగారు భోజనానికి లేచి గంటన్నర తర్వాత తిరిగొచ్చారని ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 15 నిమిషాల సద్ది చాలా తక్కువన్న కేసులో జడ్జిగారి భోజనానికి గంటన్నర!

యూనియన్ దగ్గర డబ్బు లేదు. జరిమానా రాబట్టడానికి కార్మికుల ఇళ్లలో సామాను జప్తు చేసి వేలం పెట్టారు. ఊరంతా ఒక్క మాట మీద నిలబడింది. ఎవరూ పైకం పెంచి పాడలేదు. వేలం మొత్తానికి ఒక్క పౌండు కూడా రాలేదు. పది వారాలకు పైగా సాగిన సమ్మె మే నెలలో ముగిసింది. అరగంట సద్ది టైము వచ్చింది, ఏడుగురినీ తిరిగి పనిలోకి తీసుకున్నారు.

పార్లమెంటు, జైలు

ఆ ఏడాదే గని కార్మికుల సమాఖ్య ఏర్పడింది. దాని నాయకుల్లో వెబ్ ఒకడు. 1909లో అది అన్ని రంగాల కార్మికులకూ విస్తరించింది. ఎర్ర సమాఖ్య అని జనం పిలిచింది దీన్నే. 1913లో గ్రే నియోజకవర్గం ఉపఎన్నికలో గెలిచి, 28 ఏళ్లకే వెబ్ పార్లమెంటు సభ్యుడయ్యాడు.

ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం. ప్రభుత్వం నిర్బంధ సైనిక సేవ తెచ్చింది. 1917లో గని కార్మికుల ఆందోళనను సమర్థిస్తూ మాట్లాడినందుకు రాజద్రోహం కింద వెబ్‌కి మూడు నెలల జైలు. బయటికొచ్చాక సైన్యంలోకి రమ్మని ఆయనకే పిలుపు వచ్చింది. సీటుకి రాజీనామా చేసి ప్రజల దగ్గరికి వెళ్తే పోటీ లేకుండా మళ్లీ ఎన్నుకున్నారు. అయినా ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1918లో సైనిక కోర్టు రెండేళ్ల కఠిన శిక్ష వేసింది. సీటు పోయింది, పదేళ్లపాటు పౌరహక్కులూ పోయాయి. 33 ఏళ్ల మనిషికి అన్ని దారులూ మూసుకుపోయినట్టే.

విడుదలయ్యాక క్రైస్ట్‌చర్చ్‌లో బొగ్గు అమ్మకం పనిలో కుదురుకున్నాడు. అంటే బొగ్గు తవ్వడమే కాదు, దాని వ్యాపారం, రవాణా, ధర కూడా తెలిసొచ్చాయన్నమాట. 1933లో ఉపఎన్నికతో మళ్లీ పార్లమెంటుకి వచ్చాడు. 1935 చివర్లో లేబర్ పార్టీ తొలిసారి అధికారంలోకి వచ్చినప్పుడు గనుల శాఖ మంత్రి అయ్యాడు. తర్వాత కార్మిక శాఖ కూడా ఆయన చేతికే వచ్చింది.

బల్లకు అవతలి వైపు

అసలు పరీక్ష ఇప్పుడు మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం. బొగ్గు ఆగితే రైళ్లు ఆగుతాయి, ఫ్యాక్టరీలు ఆగుతాయి. సమ్మెలను నిషేధిస్తూ అత్యవసర నిబంధనలు వచ్చాయి. నిర్బంధ సైనిక సేవను వ్యతిరేకించి ఒకప్పుడు జైలుకెళ్లిన ఫ్రేజర్, సెంపుల్, వెబ్ లాంటివాళ్లున్న ప్రభుత్వమే 1940లో దాన్ని మళ్లీ తెచ్చింది. పాత మిత్రులు చాలామంది దీన్ని క్షమించలేదు. వాళ్ల కోపంలో న్యాయం లేదని నేననలేను.

1942 సెప్టెంబరులో వైకాటో ప్రాంతంలో, హంట్లీ దగ్గరి పుకెమిరో గనిలో జీతం లెక్క దగ్గర తగాదా మొదలైంది. చుట్టుపక్కల గనులకూ సమ్మె పాకింది. చట్టం తన పని తాను చేసింది. 182 మంది కార్మికులకు నెల రోజుల జైలు శిక్ష పడింది. 182 మందిని లోపల వేస్తే బొగ్గు ఎవరు తవ్వుతారు? 1908లో బ్లాక్‌బాల్ నేర్పిన పాఠం అదే. జరిమానా వేయొచ్చు, జప్తు చేయొచ్చు, జైల్లో పెట్టొచ్చు, కానీ ఏ కోర్టు ఉత్తర్వూ బొగ్గు తవ్వలేదు.

ఫ్రేజర్ ప్రభుత్వం శిక్షల అమలును ఆపింది. యుద్ధం ముగిసేదాకా వైకాటో గనులను తన ఆధీనంలోకి తీసుకుంది. కార్మికులు పనిలోకి వచ్చారు. చట్టాన్ని ఉల్లంఘించినవాళ్లకు లొంగిపోయారంటూ నేషనల్ పార్టీ ఉమ్మడి యుద్ధ పాలక మండలి నుంచి బయటికొచ్చింది. ఆ విమర్శ తేలిగ్గా కొట్టిపారేసేదేమీ కాదు. శిక్షపడ్డా అమలు కాకపోతే రేపు చట్టాన్ని ఎవరు లెక్కచేస్తారు? గనుల మంత్రిగా ఈ మాట పడుతూనే, మరోపక్క బొగ్గు ఆగకుండా చూడాల్సిన బాధ్యత వెబ్‌ది. ఆయన 1946లో పదవి వదిలాడు. 1950 మార్చి 23న క్రైస్ట్‌చర్చ్‌లో కన్నుమూశాడు.

మన గిరిగారు గుర్తొచ్చారు

ఈ కథ చదువుతుంటే నాకు వి. వి. గిరి గుర్తొచ్చారు. బరంపురంలో తెలుగు ఇంట పుట్టి, డబ్లిన్‌లో చదివి, రైల్వే కార్మికుల సంఘం నడిపి, 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. యజమానీ కార్మికుడూ ముఖాముఖి కూర్చుని తేల్చుకోవాలి, బలవంతపు తీర్పులతో పరిశ్రమలో శాంతి రాదు అన్నది ఆయన వాదం. 1954లో బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం మార్చినప్పుడు మంత్రి పదవి వదిలేశారు. వెబ్ కష్టకాలంలో పదవిలోనే ఉండి నెట్టుకొచ్చాడు. ఇద్దరూ కార్మికుల మధ్య నుంచి వచ్చినవాళ్లే, దారులు వేరు. ఏది గొప్పదో మీరే చెప్పండి.

ఇక నా ప్రోగ్రాం సంగతి. ఆ 15 నిమిషాలు కలపడానికి నాకు పట్టింది ఒక్క మధ్యాహ్నం! కానీ అవి ఎందుకు లేవో తెలుసుకోవడానికి ఎక్కువ టైము పట్టింది. షిఫ్టు అప్పజెప్పడం నేను ఒక్కసారీ చూడలేదు. కంట్రోల్ రూములో ఒక రాత్రి కూర్చోకుండానే వాళ్ల రోజును గంటల కింద కొలిచేశాను. బ్లాక్‌బాల్ కంపెనీ చేసిందీ దాదాపు ఇదే కదా.

ఇప్పుడు న్యూజీలాండ్‌లో నాలుగు గంటలకు మించి పనిచేసేవాళ్లకి 30 నిమిషాల భోజన విరామం చట్టబద్ధమైన హక్కు. మధ్యలో సడలించిన ఈ హక్కును 2019 మేలో మళ్లీ పటిష్ఠం చేశారు. మనం ఆఫీసులో లంచ్ బాక్సు తెరిచి పప్పన్నం తినే ఆ అరగంట ఎవరో ఊరకే ఇచ్చింది కాదు. పడమటి తీరం చూడటానికి వెళ్తే గ్రేమౌత్ నుంచి అరగంట ప్రయాణం చేసి బ్లాక్‌బాల్ వెళ్లండి. శ్రామికుల చరిత్ర మీద ఒక చిన్న మ్యూజియం ఉంది. పిల్లలను కూడా తీసుకెళ్లండి. సద్ది మూట మాత్రం వెంట పెట్టుకోండి, అక్కడ తీరిగ్గా కూర్చుని తినండి!