డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు : పరదేశ వాసము

విద్యార్జనమునకై దేశాంతరము పోవుట మనవారికి క్రొత్త గాదు. తర్కమునకు నవద్వీపమునకును, వేదాంతమునకు కాశికిని పోయినవారు పూర్వము మన యిండ్లలోనే యుండిరి. నేడు గుంటూరు, ఒంగోలు సీమలలో ప్రత్తియు మిరపయు పండించు గ్రామములనుండి బిడ్డలు అమెరికాకు పోవుచున్నారు. పొలము తాకట్టు పెట్టియో, బ్యాంకులో అప్పు తెచ్చియో తండ్రులు వారిని పంపుచున్నారు. కాశికి పోయినవానికి అచ్చట నిలుచుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు. అమెరికాలోనన్ననో చదువుట కనుమతి వేరు, పనిచేయుట కనుమతి వేరు, స్థిరముగా నివసించుట కనుమతి వేరు. ఈ భేదము నడుమనే పాతికేండ్లు గడిపిన తెలుగు మహనీయుడు సుబ్బారావుగారు. వారి చరిత్రము నీ దృష్టితో గూడ మనము తెలిసికొనవలసి యున్నది.

వీరు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు; తల్లి వెంకమ్మగారు. కుటుంబము పెద్దది, రాబడి చిన్నది. రాజమహేంద్రవరమున చదువు సాగినను మెట్రిక్యులేషను పరీక్ష రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలునుండి గట్టెక్కిరి. పిదప ప్రెసిడెన్సీ కళాశాలలోను, మద్రాసు వైద్య కళాశాలలోను చదివిరి. గాంధీమహాత్ముని యుపదేశము ననుసరించి శస్త్రచికిత్సాగారమున ఖద్దరు ధరించుటచే దొరగారైన ఆచార్యుని యాగ్రహమునకు పాత్రులై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తి పడవలసి వచ్చెను. ఇంతలో ఇద్దరు సోదరులు స్ప్రూ అను గ్రహణివ్యాధిచే మరణించిరి. ఆ వ్యాధికి మందు లేకపోవుట వారి హృదయమున ముల్లువలె నాటుకొనెను. కొంతకాలము మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించిరి.

కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారి వాగ్దానమును, మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు కూర్చిన ధనమును ఆధారముగా గొని, ధర్మపత్ని శేషగిరిగారిని పుట్టినింట విడిచి, వారు బోస్టను నగరము చేరిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశ వైద్యశాఖలో చేరి 1924లో డిప్లొమా పొందిరి. చేతిలో పైకము చాలనందున రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రములు కడుగు కొలువు చేసిరి. వైద్యపట్టము గలవాడ నను అభిమానము వారి నడ్డగింపలేదు.

ఆనాటి యమెరికా శాసనముల స్థితి యెట్టిదో గమనింతము. 1917వ సంవత్సరపు చట్టము హిందూదేశీయులు కాపురమునకు వచ్చుటను నిషేధించెను. విద్యార్థులకు మాత్రము మినహాయింపు గలదు. 1923లో భగత్‌సింగు థిండుగారి వ్యాజ్యమున అచ్చటి సుప్రీముకోర్టు, మనదేశమువారు శ్వేతజాతీయులు గారు గనుక పౌరసత్వమున కర్హులు గారని తీర్పు చెప్పెను. 1924వ సంవత్సరపు చట్టము పౌరసత్వమున కర్హులు గానివారికి వలస ద్వారమును మూసివేసెను. కాబట్టి సుబ్బారావుగారికి పాఠశాల తలుపు తెరిచియుండెను. ఇంటి తలుపు మూసియుండెను.

మూసిన తలుపును చూచి వారు కూర్చుండలేదు. ఫిస్కే పండితునితో గూడి 1925లో శరీరద్రవములందు భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. నేటికిని ప్రయోగశాలలలో అది వారిరువురి పేరనే వ్యవహరింపబడుచున్నది. 1927లో ఫాస్ఫోక్రియాటిను, 1929లో కండరములకు శక్తినిచ్చు ఎ.టి.పి. అను పదార్థము వారి పరిశోధనమున బయల్పడెను. 1930లో డాక్టరేటు వచ్చెను గాని స్థిరమైన ఆచార్యపదవి రాలేదు. 1940లో హార్వర్డు విడిచి, న్యూయార్కు రాష్ట్రమున పెరల్ రివరులోని లెడర్లీ ప్రయోగశాలకు పోయి, పరిశోధనాధ్యక్షులైరి. అచ్చట వారి నాయకత్వమున ఫోలికామ్లము 1945లో కృత్రిమముగా తయారయ్యెను. సోదరులను బలిగొన్న స్ప్రూవ్యాధికి అదియే మందైనది. మన కోస్తాజిల్లాల ప్రజలను పీడించిన బోదకాలు వ్యాధికి హెట్రజాను, రక్తపు క్యాన్సరుపై పనిచేయు ఔషధములు, 1948లో ఆరియోమైసిను అచ్చటనే వెలువడెను.

1946వ సంవత్సరము జూలై 2వ తేదీన లూస్-సెల్లరు చట్టము వచ్చి, మనదేశీయులకు పౌరసత్వార్హతను, ఏటికి నూరుగురికి వలస యనుమతిని ఇచ్చెను. అప్పటికి సుబ్బారావుగారు ఆ దేశమున రెండు దశాబ్దములు గడిపియుండిరి. 1948 ఆగస్టులో, ఏబదిమూడవయేట, నిద్రలోనే వారు దేహము చాలించిరి. మరణించునాటికిని వారు అమెరికా పౌరులు గారు. స్వదేశమునకు మరల రాలేదు. శేషగిరిగారిని మరల చూడలేదు. శైశవముననే పోయిన కుమారుని ముఖము చూచి యెరుగరు. లోకమున కబ్బిన ఔషధములకు ఆ యిల్లాలు చెల్లించిన మూల్యమును లెక్కించువారు లేరు. 1995లో భారతప్రభుత్వము వారి పేర తపాలాబిళ్ళ వెలువరించెను.

1965వ సంవత్సరపు చట్టము జాతినిబట్టి పంచు పాతపద్ధతిని తొలగించెను. నేడు అమెరికాకు పోవు విద్యార్థి చదువు ముగిసిన పిదప కొలదికాలము పనిచేయవచ్చును. తరువాత యజమాని దరఖాస్తుపై హెచ్-వన్-బి అనుమతి దొరకవలెను. అది ఏటికి 65,000, అచ్చటి ఉన్నతపట్టము గలవారికి మరి 20,000 మాత్రమే. విశ్వవిద్యాలయములవంటి సంస్థల కీ మితి లేదు. ఉద్యోగముమూలమున స్థిరనివాసపత్రములు ఏటికి సుమారు 1,40,000. వానిలో ఏ యొక్క దేశమున జన్మించినవారికైనను సామాన్యముగా నూటికి ఏడు పాళ్ళు మించరాదు. చిన్నదేశమునకును మనదేశమునకును అదే పాలు. అందుచేత మనవారు ఏండ్ల తరబడి వేచియుందురు. ఆనాడు వర్ణము అడ్డు. నేడు జన్మస్థానము అడ్డు. విద్య యెంతటిదైనను ఈ లెక్కను మార్పజాలదు.

ఇది చెప్పుట బిడ్డలను నిరుత్సాహపరచుటకు గాదు. పొలము వ్రాయించి యిచ్చుటకు ముందు ప్రతి తండ్రియు మూడు ప్రశ్న లడుగవలెను: చదువునకు అనుమతి యెంతకాలము? పనికి అనుమతి యెవరి చేతిలో నున్నది? స్థిరనివాసము రాకున్నను ఈ చదువు మన దేశమున అన్నము పెట్టునా? మూడవదానికి ఔనని చెప్పగలిగినచో నిర్భయముగా పంపవచ్చును. సుబ్బారావుగారిని నిలబెట్టినది వారి విద్యయే గాని అనుమతిపత్రము గాదు. అట్టి విద్య మన యువకులకు లభించుగాక. వారి కొరకు వేచియుండు ఇల్లాండ్రకును తల్లులకును శేషగిరిగారి నిరీక్షణము రాకుండుగాక.