ఎన్టీఆర్ గుండెకు బైపాస్.. ఇవాళైతే స్టెంట్ సరిపోయేదా?

నిమ్మకూరులో 1923 మే 28న పుట్టిన నందమూరి తారక రామారావు చదువుకునే రోజుల్లో విజయవాడ హోటళ్లకు పాలు పోసేవారు. గుంటూరు ఏసీ కాలేజీలో బీఏ చేశారు. 1947లో సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగం వస్తే, కొద్ది వారాలకే వదిలేసి సినిమాల కోసం మద్రాసు వెళ్లిపోయారు. 1949లో ‘మనదేశం’తో తెరమీదకొచ్చి దాదాపు 300 సినిమాలు చేశారు. 1982 మార్చి 29న పార్టీ పెట్టి, 1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయ్యారు. ఇదంతా ఇంటింటికీ తెలిసిన కథే. ఇందులో మనం పెద్దగా మాట్లాడుకోనిది ఒకటుంది. అదే ఆయన గుండె.

కుర్చీ పోయిన నెల

1984లో ఆయనకు 61 ఏళ్లు. గుండె జబ్బుకు అమెరికాలో బైపాస్ సర్జరీ చేయించుకున్నారు. తిరిగొచ్చిన కొద్ది రోజులకే, ఆగస్టు 16న, గవర్నర్ రాంలాల్ ఆయన ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు. నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రి అయ్యారు. బైపాస్‌లో కోసిన ఛాతీ ఎముక అతకడానికే రెండు మూడు నెలలు పడుతుంది. అంత టైమ్ ఎన్టీఆర్‌కు దొరకలేదు. చక్రాల కుర్చీలోనే ఢిల్లీ వెళ్లి, రాష్ట్రపతి జైల్ సింగ్ ముందు తన ఎమ్మెల్యేల బలం చూపించారు. సరిగ్గా నెలకు, సెప్టెంబర్ 16న, మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు.

స్టెంట్ వేయించుకుని ఉంటే రెండు మూడు రోజుల్లో లేచి తిరిగేవారు కదా అనిపిస్తుంది. కానీ 1984లో గుండెకు స్టెంట్ అనేదే లేదు. అర్జెంటీనా డాక్టర్ రెనె ఫవలోరో 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో కాలి సిరతో బైపాస్‌ను గాడిలో పెట్టారు. 1977 సెప్టెంబర్ 16న జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ మొదటిసారి గుండె ధమనిని బెలూన్‌తో తెరిచారు. మనిషి గుండెలో తొలి స్టెంట్ పడింది 1986లో, ఫ్రాన్స్‌లో. అంటే ఎన్టీఆర్ ఆపరేషన్‌కు రెండేళ్ల తర్వాత.

సాగర్ కాలువ లెక్క

ఇవాళైతే? నందికొండలో ఉండేవాళ్లకు కాలువ లెక్కన చెబితే ఈజీగా అర్థమవుతుంది. కాలువలో ఒకచోట పూడిక పడింది. ఆ ఒక్కచోటే తీసి, గట్టు మళ్లీ కూలకుండా లోపల జాలీ వేస్తే అది స్టెంట్. పూడికను అలాగే వదిలేసి, పైనుంచి కొత్త పిల్ల కాలువ తవ్వి పూడిక దాటాక కలిపితే అది బైపాస్. స్టెంట్ ఆ ఒక్క అడ్డంకినే సరిచేస్తుంది. రేపు దానికి కొంచెం పైన ఇంకో పూడిక పడితే మళ్లీ సమస్యే. బైపాస్ దారి కలిసేది కిందికి కాబట్టి, పైన కొత్తగా పడేవాటి నుంచి కూడా కొంత కాపాడుతుంది.

అందుకే ఒకటి రెండు చిన్న అడ్డంకులకు చాలావరకు స్టెంట్ సరిపోతుంది. మూడు నాళాలూ పాడైతే, ముఖ్యంగా షుగర్ ఉంటే, బైపాస్ వైపే మొగ్గు. 2012లో వచ్చిన ‘ఫ్రీడమ్’ అధ్యయనంలో షుగర్ ఉండి, ఒకటికి మించిన నాళాల్లో అడ్డంకులున్న 1,900 మందిని చూశారు. ఐదేళ్లలో మరణం, గుండెపోటు, పక్షవాతం కలిపి స్టెంట్ వాళ్లలో 26.6 శాతం, బైపాస్ వాళ్లలో 18.7 శాతం. ఒక్క పక్షవాతం మాత్రం బైపాస్ వాళ్లలోనే ఎక్కువ: 5.2 శాతం, అటు 2.4. ఏదీ ఫ్రీగా రాదు.

గుండెపోటు వచ్చిన గంటల్లో లెక్క మారిపోతుంది. అప్పుడు ఎక్కువమందికి బెలూన్, స్టెంటే దారి. రెండు గంటల్లోపు ఆ వసతి ఉన్న ఆస్పత్రికి చేరలేమనుకుంటే, దగ్గర్లోనే ఈసీజీ తీయించి, డాక్టర్ చెబితే గడ్డ కరిగించే ఇంజెక్షన్ తీసుకుని బయల్దేరాలి. నందికొండ నుంచి హైదరాబాద్ దాదాపు 150 కిలోమీటర్లు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలిసుండాలి.

ఆ తర్వాత పదకొండేళ్లు

బైపాస్ తర్వాత ఎన్టీఆర్ తగ్గలేదు. 1985 ఎన్నికల్లో మన నల్లగొండతో పాటు హిందూపురం, గుడివాడల్లో పోటీచేసి మూడూ గెలిచారు. 1989లో కల్వకుర్తిలో ఓడారు, పార్టీ కూడా ఓడింది. 1994లో 216 సీట్లతో మళ్లీ గెలిపించారు. 1995 సెప్టెంబర్‌లో పదవి కోల్పోయారు. 1996 జనవరి 18న హైదరాబాద్‌లో గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి 72 ఏళ్లు.

బైపాస్ అయినా స్టెంట్ అయినా దారి తెరుస్తుంది, జబ్బును తీసేయదు. కాలి సిరతో వేసిన దారుల్లో పదేళ్లకు సగం దాకా పూడిపోతాయి. ఛాతీ లోపలి ధమనితో వేసినవి ఇంకా ఎక్కువకాలం నిలుస్తాయి. మందులు, బీపీ, షుగర్ కంట్రోల్, సిగరెట్ మానడం, ఇవి రెండింటి తర్వాతా జీవితాంతం తప్పవు.

మీ వంతు

1990ల్లో హైదరాబాద్‌లో కార్డియాలజిస్ట్ సోమరాజుతో కలిసి అబ్దుల్ కలాం తక్కువ ధర స్టెంట్ తయారుచేయించారు. క్షిపణుల ఇంజినీర్‌కు గుండెలో పనేంటని ఎవరూ అడగలేదు. బయోమెడికల్ ఇంజినీరింగ్ చేసినవాళ్లకు ఇప్పటికీ ఈ దారి ఉంది. ఇంటర్ బైపీసీ వాళ్లయితే క్యాథ్ ల్యాబ్, పెర్ఫ్యూజన్ టెక్నాలజీ కోర్సులు చూడొచ్చు. బైపాస్ టైమ్‌లో హార్ట్ లంగ్ మెషీన్ నడిపేది పెర్ఫ్యూజనిస్టే.

రేపు నాన్నకో, పెదనాన్నకో యాంజియోగ్రామ్ తీస్తే రిపోర్ట్ చేతిలోకొచ్చేది మనకే. నాలుగు ప్రశ్నలు అడగండి. ఎన్ని నాళాల్లో, ఎక్కడ అడ్డంకి ఉంది? గుండె పంపింగ్ ఎంత? షుగర్ ఉంది కాబట్టి నిర్ణయం మారుతుందా? ఇప్పటికిప్పుడు గుండెపోటు లేకపోతే, సర్జన్‌కు కూడా చూపించి రేపు చెప్పొచ్చా? చాలా సందర్భాల్లో ఆ ఒక్కరోజు ఆగడానికి వీలుంటుంది.