ఓడల వెనుక ఊయలలు: శ్రీమతి ఎలియనార్ రూజ్వెల్టు

యుద్ధమనగానే మనకు రణరంగములు, సేనానులు స్ఫురింతురు. ఆ సేనలకు ఓడలను, విమానములను సమకూర్చిన చేతులు అంతగా స్ఫురింపవు. ద్వితీయ ప్రపంచ యుద్ధకాలమున అమెరికాలో ఆ చేతులలో అనేకము స్త్రీలవి. వారి కష్టము నెఱిగి, వారి పక్షమున నిలిచిన మహనీయురాలు శ్రీమతి ఎలియనార్ రూజ్వెల్టు.

ఆమె 1884 అక్టోబరు 11వ తేదీన న్యూయార్కు నగరమున సంపన్న కుటుంబమునందు జన్మించెను. ఎనిమిదేండ్ల ప్రాయమున తల్లిని, పదేండ్లు నిండకమునుపే తండ్రిని కోల్పోయెను. 1905లో ఫ్రాంక్లిన్ రూజ్వెల్టును వివాహమాడెను. 1921లో భర్త వ్యాధిగ్రస్తుడై నడవలేని స్థితికి వచ్చినపుడు, ఆయన ప్రజాజీవితము అంతరింపకుండ కాపాడినవారిలో ఆమె ముఖ్యురాలు. 1933లో ఆయన దేశాధ్యక్షుడయ్యెను. నాటినుండి ఆమె స్త్రీ విలేఖరులకు మాత్రమే ప్రవేశముగల పత్రికాగోష్ఠులు నడపెను. ఆ గోష్ఠుల వార్తలకొరకైనను పత్రికలు స్త్రీలను కొలువులో నుంచుకొనవలసి వచ్చెను.

1941 డిసెంబరులో అమెరికా యుద్ధమున ప్రవేశించెను. ఆమె నలుగురు కుమారులును సైనిక సేవలో నుండిరి. చక్కెర, కాఫీ రేషను క్రిందికి వచ్చెను. 1943లో ఆమె శ్వేతసౌధపు పచ్చికలోనే కూరతోట వేయించెను. పురుషులు సైన్యమునకు తరలగా కర్మాగారములు స్త్రీలను పిలిచెను. 1940లో పనివారిలో సుమారు నాల్గవవంతుగా నున్న స్త్రీలు 1945 నాటికి మూడవవంతును మించిరి.

కాని రాత్రంతయు ఓడల నిర్మాణశాలలో ఉక్కురేకులు అతుకు తల్లి తన బిడ్డను ఎవరికి అప్పగించి పోవలెను? అది ఆ యింటి చిక్కేయని పలువురు తలచిరి. శ్రీమతి రూజ్వెల్టు అది జాతి సమస్యయని గ్రహించెను. ఆమె ప్రోత్సాహమున 1943లో ఆరెగాన్ రాష్ట్రమందలి పోర్ట్‌లండ్ నగరమున, హెన్రీ కైజర్ నిర్మాణశాలల ద్వారములచెంత శిశుకేంద్రములు వెలసెను. అవి రేయింబవళ్ళు తెఱచియుండెడివి. పని ముగించిన తల్లి బిడ్డతోపాటు వండిన భోజనమును గూడ ఇంటికి తీసికొని పోవచ్చును.

1945లో యుద్ధము ముగిసెను. ఆ కేంద్రములు మూతపడెను. పిలిచి పని యిచ్చిన కర్మాగారములే అనేక స్త్రీలను ఇంటికి పంపివేసెను. ఇట్టి కేంద్రముల అవసరము యుద్ధముతో తీఱునది కాదని ఆమె తన పత్రికా శీర్షికలో వ్రాసెను. ఆ మాటను నాటి ప్రభుత్వము చెవినిడలేదు.

భర్త మరణానంతరము ఆమె ఐక్యరాజ్యసమితి మానవహక్కుల సంఘమునకు అధ్యక్షురాలయ్యెను. ఆ సంఘమున మన దేశ ప్రతినిధి హంసా మెహతా పట్టుబట్టగా, ప్రకటన ప్రథమాధికరణమున పురుషవాచక పదము తొలగి, మానవులందఱికి వర్తించు పదము చేరెను. 1948 డిసెంబరు 10వ తేదీన ఆ ప్రకటన ఆమోదము పొందెను. 1962 నవంబరు 7వ తేదీన శ్రీమతి రూజ్వెల్టు దివంగతురాలయ్యెను.

ఆపదలో స్త్రీ శ్రమను కోరిన జాతి, ఆపద గడచిన పిదప ఆమె ఊయలను మఱచుట న్యాయమా? ఆమె జీవితము విద్యార్థుల ముందుంచు ప్రశ్న ఇదియే.