దీపధారిణి

ఫ్లోరెన్స్ నైటింగేల్ 1853లో లండనులోని ఒక చిన్న వైద్యశాల బాధ్యత స్వీకరించింది. ప్రతి అంతస్తుకు వేడినీటి గొట్టాలు, భోజనం పైకి చేర్చే యంత్రం, ఏ గది నుండి పిలుపు వచ్చినదో తెలిపే గంటలు కావాలని ఆమె కోరింది. నర్సుల శక్తి అంతా మెట్లెక్కి దిగడానికే వ్యయం కారాదని ఆమె ఉద్దేశం.

మరుసటి ఏడు క్రిమియా యుద్ధం ఆమెను టర్కీకి రప్పించింది. 1854 నవంబరు 4న 38 మంది స్త్రీలతో స్కుటారి చేరింది. అది పేరుకే ఆసుపత్రి. మురుగు కాలువలు పూడి, గాలి ఆడక, కలరా, టైఫస్, రక్తవిరేచనాలు ప్రబలాయి. తూటాల కన్న రోగాల వాతబడిన సైనికులే అధికం. ఆ రోగాలు పరిచారికలను కూడా విడువలేదు. కొందరు జ్వరాలతో అక్కడే కన్నుమూశారు. మరికొందరు డస్సి స్వదేశానికి మరలిపోయారు.

రాత్రివేళ దీపంతో రోగుల మధ్య తిరిగిన ఆమె రూపం లోకప్రసిద్ధం. ఆ దీపం పట్టిన చేతి అలసట మాత్రం లోకానికి అంతగా తెలియదు. 1855 మే నెలలో బాలక్లావాలో తీవ్రజ్వరం సోకి మృత్యుముఖం దాకా వెళ్ళింది. వైద్యులు ఇంటికి వెళ్ళమన్నా వినక, యుద్ధం ముగిసిన పిదపనే, 1856లో, ఇంగ్లండు చేరింది. మరుసటి సంవత్సరం కుప్పకూలింది. అప్పటికి ఆమె వయస్సు 37 ఏళ్ళు. ఆ తరువాత చాలాకాలం మంచమే ఆమె కార్యాలయం. తాను ఎన్నడూ చూడని భారతదేశంలోని సైనిక శిబిరాల పారిశుద్ధ్యం గురించి కూడా అక్కడి నుండే వ్రాసింది.

1860లో సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరిట వెలసిన శిక్షణాలయంలో ప్రతి విద్యార్థినికీ ప్రత్యేకంగా ఒక గది ఉండేది. పగలంతా రోగుల నడుమ గడిపినవారికి తలుపు మూసుకొని నిద్రించే చోటు దొరకడం ఆ రోజుల్లో సామాన్య విషయం కాదు. 1910 ఆగస్టు 13న, 90 ఏళ్ళ వయస్సులో, ఆమె లండనులో మరణించింది.