స్ముర్న సంఘానికి చెప్పబడిన శ్రమ: పొలికార్పు జీవితం



ప్రకటన గ్రంథములోని ఏడు సంఘాలలో ప్రభువు ఏ తప్పూ ఎత్తి చూపనివి రెండే. వాటిలో స్ముర్న ఒకటి. అయితే ఆ సంఘానికి ఆయన పంపిన వర్తమానంలో (2:8-11) శ్రమ తప్పిపోతుందన్న వాగ్దానం లేదు. వారు శ్రమపడబోతున్నారనీ, కొందరు చెరలో వేయబడతారనీ, ఆ శ్రమ పది దినాలు ఉంటుందనీ ముందుగానే తెలియజేశాడు.

మనకు ఉద్యోగం పోయినా, వీసా ఆగిపోయినా, ఇంట్లో జబ్బు వచ్చినా మొదట వచ్చే ఆలోచన ఒక్కటే: నేనేం పాపం చేశాను? తప్పు పట్టని సంఘానికే శ్రమ ప్రవచించబడింది గనుక, ప్రతి శ్రమా శిక్ష కాదని ఇక్కడే తెలుస్తోంది. ఈ ప్రవచనాన్ని అర్థం చేసుకోవడానికి అదే ఊరి సంఘాన్ని కాసిన పొలికార్పు జీవితం మనకు ఎంతో సహాయం చేస్తుంది.

స్ముర్న అంటే నేటి టర్కీలోని ఇజ్మీర్. సంపన్నమైన ఓడరేవు, రోమా చక్రవర్తికి నమ్మిన బంటు. క్రీ.శ. 26లో తిబెరి చక్రవర్తికి గుడి కట్టే గౌరవం కోసం ఆసియా పట్టణాలు పోటీపడితే అది స్ముర్నకే దక్కింది. అలాంటి ఊరిలో క్రీస్తు ఒక్కడే ప్రభువు అనడం రాజద్రోహంలా వినిపించేది.

పొలికార్పు సుమారు క్రీ.శ. 69లో పుట్టి ఉంటాడు. ఆయన అపొస్తలుడైన యోహాను దగ్గర నేర్చుకున్నాడని ఆయన మాటలు చిన్నతనంలో విన్న ఇరేనియస్ రాశాడు. తరువాత స్ముర్న సంఘానికి అధ్యక్షుడయ్యాడు. అంతియొకయ అధ్యక్షుడైన ఇగ్నేషియస్‌ను సంకెళ్లతో రోమాకు తీసుకుపోతూ స్ముర్నలో ఆపినప్పుడు, ఈ సంఘం ఆయనను ఆదరించింది. ఇతరుల శ్రమలో పాలుపొందడం పొలికార్పుకు అప్పుడే అలవడింది. ఆయన ఫిలిప్పీ సంఘానికి రాసిన పత్రిక నేటికీ మనకుంది. ముసలితనంలో రోమాకు వెళ్లి పస్కా ఆచరించే దినం గురించి అక్కడి అధ్యక్షుడు అనిసేతుతో మాట్లాడాడు. ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదరలేదు. అయినా అనిసేతు ఆయనను గౌరవించి ప్రభువు బల్ల ఆచరణను ఆయన చేతికే అప్పగించాడు. సమాధానంతోనే విడిపోయారు.

సుమారు 155లో స్ముర్నలో హింస చెలరేగింది. క్వింతు అనే ఒకడు తనంతట తానే అధికారుల ముందుకు వెళ్లాడు, మరికొందరిని కూడా ప్రోత్సహించాడు. తీరా క్రూరమృగాలను చూడగానే భయపడి విశ్వాసం విడిచాడు. పొలికార్పు అలా చేయలేదు. సంఘస్థులు బతిమాలితే ఊరి బయట ఒక పొలంలోని ఇంటికి వెళ్లి, రాత్రింబగళ్లు సంఘాలన్నిటి కోసం ప్రార్థించాడు. పట్టబడటానికి మూడు రోజుల ముందు తన తల కింద దిండు కాలిపోతున్నట్టు దర్శనం చూసి, తాను అగ్నిలో చనిపోతానని తనతో ఉన్నవారికి చెప్పాడు.

సైనికులు వచ్చినప్పుడు ఇంకా తప్పించుకునే వీలున్నా, దేవుని చిత్తమే జరగనిమ్మని ఆగిపోయాడు. పట్టుకోవడానికి వచ్చినవారికే భోజనం పెట్టించాడు. ప్రార్థనకు ఒక గంట అడిగి, నిలబడి రెండు గంటలు ప్రార్థించాడు. తనకు తెలిసిన చిన్నా పెద్దా అందరినీ తలచుకున్నాడు.

క్రీడా ప్రాంగణంలో అధిపతి ఆయన వయసు గుర్తుచేసి, క్రీస్తును దూషిస్తే విడిచిపెడతానన్నాడు. ఎనభై ఆరేళ్లు సేవించిన ప్రభువు తనకు ఏ కీడూ చేయలేదని, తనను రక్షించిన రాజును దూషించలేనని ఆ వృద్ధుడు జవాబిచ్చాడు. జనులు కట్టెలు పోగుచేశారు. మేకులు కొట్టవద్దని ఆయన కోరగా తాళ్లతోనే కట్టారు. దేవునికి కృతజ్ఞతలు చెల్లించి అగ్నిలో నిలిచాడు. చివరికి బాకుతో పొడిచి చంపారు.

ఇప్పుడు ఆ ప్రవచనం వైపు తిరిగి చూద్దాం. పది దినాలంటే ఏమిటో పండితులు పలు విధాలుగా చెబుతారు. దానియేలు, అతని స్నేహితుల పది దినాల పరీక్షను కొందరు గుర్తుచేస్తారు. ఎలా చూసినా ఒకటి స్పష్టం: ఆ దినాలకు లెక్క ఉంది. చెరలో వేసేది అపవాది అయినా, హద్దు పెట్టేది ప్రభువే. ఆ వర్తమానం పంపినవాడు చనిపోయి తిరిగి బ్రతికినవాడు. ఆటల్లో గెలిచినవారి తలపై ఆకుల కిరీటం పెట్టే లోకంలో, ఆయన జీవకిరీటం వాగ్దానం చేశాడు. పొలికార్పు క్రీడా ప్రాంగణంలోనే తన పరుగు ముగించాడు.

మనం నేర్చుకోవలసినవి మూడు. శ్రమను వెదుక్కుంటూ వెళ్లకూడదు. క్వింతు మనకు హెచ్చరిక. వచ్చినప్పుడు ప్రభువును విడిచి పారిపోకూడదు. ఒక్కరోజులో ఎవరూ పొలికార్పు కారు. ఆ గడియ కోసం దేవుడు ఆయనను ఎనభై ఏళ్లకు పైగా సిద్ధపరిచాడు.

ఇంకొక మాట. ఇరేనియస్ తరువాత దూరదేశమైన గాల్‌లో, నేటి ఫ్రాన్స్‌లోని లియోన్‌లో స్థిరపడ్డాడు. అక్కడినుండే, పొలికార్పు ఎక్కడ కూర్చుని బోధించేవాడో, ఎలా నడిచేవాడో తనకు ఇంకా కళ్లకు కట్టినట్టు ఉందని రాశాడు. పరదేశంలో పెరుగుతున్న మన పిల్లలు రేపు మనల్ని తలచుకున్నప్పుడు, శ్రమలో మనం ఎలా ప్రార్థించామో వారికి గుర్తుండాలి. దేవుడు మనకు అట్టి కృప దయచేయును గాక. ఆమేన్.