అశోక చక్రవర్తి

అశోకుడు మౌర్యవంశమున చంద్రగుప్తునకు మనుమడు; బిందుసారునకు కుమారుడు. క్రీ. పూ. 268 ప్రాంతమున పాటలీపుత్రమున పట్టాభిషిక్తుడయ్యెను. విశాలమైన ఆ సామ్రాజ్యమునకు లొంగక తూర్పుతీరమున కళింగదేశము నిలిచియుండెను. పట్టాభిషేకమైన ఎనిమిదేండ్లకు అశోకుడు దానిపై దండెత్తి జయించెను.

రాజులకు విజయమనగా ఉత్సవము. భేరులు మ్రోగును, వందిమాగధులు స్తోత్రములు చేయుదురు. చనిపోయిన భటుడు వీరస్వర్గ మలంకరించెనని చెప్పి వాని తల్లిని ఓదార్తురు. ఆ తల్లికి ఊరట కలిగెనో లేదో ఎవరును అడుగరు.

అశోకుడు తన విజయమునుగూర్చి వేరుగా వ్రాయించెను. అతని పదుమూడవ శిలాశాసనము కళింగయుద్ధపు లెక్కను తెలుపుచున్నది. లక్షయేబదివేలమంది స్వదేశమునుండి తరలింపబడిరి. లక్షమంది హతులైరి. అంతకు పలురెట్లు జనులు ఇతరవిధముల నశించిరి. ఇవి ఒక్కొక్క తలను లెక్కించి వ్రాసిన అంకెలు కాకపోవచ్చును. కాని గెలిచిన రాజే తన వలన చచ్చినవారి లెక్కను చాటుట మిక్కిలి అరుదు. తమ శరీరమునకు దెబ్బ తగులకున్నను, మిత్రులకు, బంధువులకు కలిగిన ఆపదవలన గృహస్థులు దుఃఖించిరనియు, అందులో నూరవపాలు, వేయవపాలు జనులకు కీడు కలిగినను ఇకమీదట తనకు బాధయే యనియు అతడు తెలిపెను. తన పుత్రపౌత్రులు క్రొత్త దండయాత్రలు తలపెట్టరాదని కోరెను. మన కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి బండలపై గూడ ఈ శాసనము కలదు.

కళింగమున మాత్రము లేదు. అచ్చటి ధౌళి, జౌగడ శిలలపై దీనిని విడిచి, ప్రజలను అకారణముగా చెరపెట్టరాదని అధికారులను హెచ్చరించు వేఱు శాసనములను చెక్కించెను. ఓడినవారి కన్నులయెదుట వారి చావులను లెక్కించుట పుండుపై కారము చల్లుటయే గదా! అయినను అతడు కళింగమును తిరిగి యీయలేదు. తరలింపబడినవారు ఇండ్లకు చేరిరని ఏ శాసనమును చెప్పదు.

అశోకుడు క్రీ. పూ. 232 ప్రాంతమున మరణించెను. అతడు ధర్మబోధ చెక్కించిన స్తంభ మొకటి ప్రయాగ కోటలో నున్నది. ఆరువందల యేండ్లకు పిమ్మట అదే స్తంభముపై సముద్రగుప్తుని దిగ్విజయములను కీర్తించుచు హరిషేణుడు ప్రశస్తి వ్రాసెను. ఆయుధములు చేసిన నూర్లకొలది గాయపుమచ్చలు ఆ రాజు దేహమునకు అందము తెచ్చెనని వర్ణించెను. ఓడిన రాజులలో వేంగీ ప్రభువును, పిష్టపుర ప్రభువును పేర్కొనెను. ఆ యుద్ధములందు ఎందరు చనిపోయిరో వ్రాయలేదు.