అంబత్తూరు సైకిలు – మురుగప్ప చెట్టియార్

పుత్తూరు, నగరి ప్రాంతాల నుండి రైలులో చెన్నైకి వెళ్ళేవారికి అంబత్తూరు సుపరిచితమే. సరిహద్దు పల్లెల్లో పాల క్యాన్లను, వడ్ల మూటలను, బడిపిల్లలను మోసిన హెర్క్యులస్ సైకిలు అక్కడ తయారైనదే. ఆ పరిశ్రమను నెలకొల్పినవారు ఏ.ఎం.ఎం. మురుగప్ప చెట్టియార్.

ఆయన 1902లో జన్మించారు. వారిది నేటి శివగంగ జిల్లాలోని పళ్ళత్తూరుకు చెందిన నాట్టుకోట్టై చెట్టియార్ల కుటుంబం. ఆయన తండ్రి బర్మాలోని మౌల్మెయిన్‌లో వడ్డీ వ్యాపారం చేసి పేరు గడించారు. జపాన్ సేనలు బర్మాలో ప్రవేశించక ముందే, 1930లలో, ఆ కుటుంబం తన పెట్టుబడిని స్వదేశానికి తరలించింది. అప్పులిచ్చే ఇల్లు క్రమంగా వస్తువులు తయారుచేసే ఇల్లుగా మారింది.

స్వాతంత్ర్యానికి పూర్వం మన వీధుల్లో తిరిగిన సైకిళ్ళలో అధికభాగం ఇంగ్లాండు నుండి ఓడల్లో వచ్చినవే. ఆ లోటు తీర్చడానికి 1949లో బర్మింగ్‌హామ్‌కు చెందిన ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ సహకారంతో టి.ఐ. సైకిల్స్ ఏర్పడింది. 1951లో అంబత్తూరు నుండి సైకిళ్ళు వెలువడసాగాయి.

ఆనాటి సాధారణ సైకిలుకు ఒకటే గేరు. అందువల్ల అది తక్కువరకమని నేటి యువకులు భావించవచ్చు. కాని లెక్క వేరు. ముందు పళ్ళచక్రానికి 44, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్ళున్న 28 అంగుళాల సైకిలు, పెడలు ఒక చుట్టు తిరిగితే సుమారు ఐదున్నర మీటర్లు సాగుతుంది. చైను సూటిగా నడవడం వల్ల రాపిడి స్వల్పం. శుభ్రంగా తుడిచి నూనె వేస్తే కాళ్ళ శక్తిలో నూటికి 95 పాళ్ళకు పైగా వెనుక చక్రానికి చేరుతుంది. గేర్ల సైకిలులో చైను పక్కకు వాలి, చిన్న చక్రాలను చుట్టి రావడం వల్ల సాధారణంగా మరికొంత శక్తి వృథా అవుతుంది.

ఎత్తు ఎదురైనప్పుడు మాత్రం గేర్లదే పైచేయి. గేరు మార్చి చుట్టుకు సగం దూరమే సాగేలా చేస్తే, తొక్కవలసిన బలమూ సగమవుతుంది, చుట్లు రెట్టింపవుతాయి. మొత్తం పని తగ్గదు. కాలు ఓర్చుకోగల పాళ్ళలో పంచబడుతుంది, అంతే. ఒక గేరు సైకిలు గలవాడు కొండదారిలో దిగి తోసుకుపోవలసిందే.

అయినా చదును నేలపై బరువు మోసే పేదకు ఆ సైకిలే అనుకూలమైంది. దాని వెల తక్కువ, భాగాలు తక్కువ. చెడితే ఊరి పంచరు అంగడిలోనే బాగవుతుంది. మరమ్మతుకు పట్నం పోతే ఒక పూట కూలి పోయినట్లే. యంత్రం సామర్థ్యాన్ని చక్రంతోపాటు ఇంటి ఖర్చుతోనూ తూచవలసి ఉంటుందని ఆ సైకిలు చరిత్ర తెలుపుతుంది.

మురుగప్ప చెట్టియార్ 1965లో పరమపదించారు. 1977లో చెన్నైలో ఆయన పేరిట వెలసిన పరిశోధన కేంద్రం గ్రామీణులకు ఉపకరించే సాంకేతిక విధానాలపై కృషి చేసింది. పల్లెకు సైకిలు నందించిన వ్యక్తికి అది తగిన స్మారకం.